మూత డబ్బా అన్న

ఆయన పోయిన కబురు అందేసరికి నేను తలకిందులుగా ఉన్నాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే. మంచం మీద బోర్లా పడుకుని, నడుము కింద రెండు దిండ్లు పెట్టుకుని, తలను మంచం అంచు నుంచి కిందికి వేలాడేసి ఉన్నాను. రోజూ పొద్దున టీకి ముందు కాసేపు అలా పడుకుంటే తప్ప, నా ఊపిరితిత్తుల అడుగున చేరిన తెమడ గొంతు దాకా జారదు. ఫోను నేల మీద మోగింది. తల ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి అందుకోవడం తేలికైంది.

"వదినె, మీ అన్న పోయిండు," అంది ఆయన భార్య.

ఏడుపొచ్చింది. కానీ ఆ తీరుగా పడుకున్న మనిషి కన్నీళ్లు చెంపల మీదికి రావు. నుదుటి మీదుగా జుట్టులోకి పోయాయి. ఆ పడక నేర్పిందీ ఆయనే. నన్ను అలా వేలాడదీసి ఏడిపించిందీ ఆయనే.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా ముందు గదిలో అద్దెకుండే టీచరమ్మ రాస్తోంది. నా గొంతు సంగతి ముందే చెప్పాలి. ఫోను ఎత్తి హలో అంటే అవతలి వాళ్లు "సార్" అంటారు. లోను కావాలా సార్, ప్లాటు కావాలా సార్. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు సార్‌లాగే బేరమాడి పెట్టేస్తాను.

ఆయన్ను మొదటిసారి చూసింది సంగారెడ్డిలో, ఛాతీ డాక్టరు దగ్గర, చీటీల వరుసలో. నా ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో చిన్న స్టీలు డబ్బా. మూత తిప్పి బిగించే రకం. కాసేపటికోసారి గోడ వైపు తిరగడం, మూత తీయడం, డబ్బాను నోటి దగ్గర పెట్టుకోవడం, మళ్లీ మూత బిగించి రుమాలుతో పెదాలు తుడుచుకోవడం. నేను ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కాను. ఇంతమందిలో దొంగచాటుగా ఒక్కడే తింటున్నాడని నాకు ఒళ్లు మండింది.

"ఏం కూర తెచ్చుకున్నవన్నా? వాసన కూడ రానిస్తలేవు," అన్నాను.

ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. మొహంలో నవ్వు లేదు.

"కూర కాదు చెల్లె. సొంత సరుకు. జెర చూస్తవా?"

మూత తీసి చూపించాడు. చూశాను. సాయంత్రం దాకా నాకు ఆకలి వేయలేదు.

ఆయన గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పైపుల ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఊపిరి గొట్టాలు పాడై రోజూ గిన్నెడు తెమడ పట్టే జబ్బు. ఎందుకొచ్చిందో డాక్టర్లు తలా ఒకటి చెప్పారట. ఆయన పట్టించుకోలేదు. "లైను ఎందుకు జామైందని అడిగేది ఆఫీసోళ్లు చెల్లె. ఫిట్టరు పని లైను తెరుసుడు," అనేవాడు. ఎక్కడ పైపు కనబడినా వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టి వినడం ఆయనకు అలవాటు. ఆస్పత్రి మెట్ల కమ్మీ, బస్సులో పట్టుకునే రాడ్డు, మా ఇంటి నల్లా, ఏదీ వదిలేవాడు కాదు. అదే వేలితో తన ఛాతీ మీద కూడా కొట్టుకుని వినేవాడు. "ఎడమ అడుగున నిండింది," అని చెప్పేవాడు, ట్యాంకు గురించి చెప్పినట్టు.

నా జబ్బూ అలాంటిదే. ఇరవై ఏళ్లప్పుడు నాకు టీబీ వచ్చింది. మందులు మింగాను, పోయింది. పోతూ పోతూ ఊపిరి గొట్టాలను సాగదీసి, గుల్ల చేసి పోయింది. సాగిన చోట తెమడ నిలుస్తుంది, నిలిచిన చోట పాడవుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని డాక్టరు పరీక్షలన్నీ చూసి చెప్పాడు. ఆయన మాట నేను నమ్మాను. మా ఇంట్లో వాళ్లు నమ్ముతారని మాత్రం నమ్మలేదు. టీబీ రోజుల్లో నా కంచం, నా గ్లాసు పెరట్లో నల్లా పక్కన విడిగా బోర్లించేవాళ్లు. జబ్బు పోయాక కూడా ఆ కంచం నల్లా దగ్గరి నుంచి వంటింట్లోకి రావడానికి రెండేళ్లు పట్టింది. అది తేవడానికి మా ఆయన, పాపం, బతికున్నన్నాళ్లలో ఒక్కసారి తన తల్లితో గొడవపడ్డాడు.

ఇప్పుడు మా ఆయన లేడు. కర్దనూర్‌లో మా తోడికోడలు వాకిట్లోనే నాకో గది. అన్నం వాళ్లతోనే. ముత్తంగి దగ్గర సర్వీసు రోడ్డు పక్కన జొన్నరొట్టెల బండి నడుపుతాను. గోదాములకు వచ్చే లారీల వాళ్లు తింటారు. రొట్టె కొట్టే మనిషి ఖంగున దగ్గి పక్కకు ఉమ్మితే ఎవరు తింటారు? తోడికోడలు చూస్తే కంచం మళ్లీ ఎక్కడికి పోతుంది? అందుకని తెమడ వస్తే మింగేదాన్ని. గొంతు దాకా వచ్చినదాన్ని గౌరవంగా వెనక్కి పంపేదాన్ని. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. నీళ్లు తాగితే తెమడ పెరుగుతుందని నీళ్లు కూడా మానేశాను. అది నా సొంత డాక్టరీ.

ఈ సంగతి విని అన్న తల పట్టుకున్నాడు. పటాన్‌చెరులో వాళ్లింట్లో, ఆయన భార్య ముందరే అడిగాడు.

"పెనం మీద పిండి ఎండి అతుక్కుంటే ఏం చేస్తవ్ చెల్లె?"

"నీళ్లు సల్లి నానబెడత."

"మరి ఊపిరితిత్తి ఏం పాపం చేసింది?"

ఆయన భార్య అప్పటికే గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. ఆమెను నేను వదినె అంటాను, ఆమె నన్ను వదినె అంటుంది.

"ముందు నీళ్లు, తర్వాత ఊపు, ఆఖరికి ఒత్తిడి." అదీ ఆయన మంత్రం. ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఇద్దరికీ ఇవే చెప్పింది. కానీ ఆ అమ్మాయి చెప్పినప్పుడు నేను తల ఊపి బస్సెక్కాను. ఆయన ఫిట్టరు భాషలో చెబితేగానీ నా బుర్రకు ఎక్కలేదు. నీళ్లు అంటే రోజంతా కొంచెం కొంచెం తాగడం, డాక్టరు ఇచ్చిన ఉప్పునీటి మందు మిషను పెట్టుకుని పీల్చడం. ఊపు అంటే పక్కకు, బోర్లా తిరిగి పడుకుని వీపు మీద తట్టించుకోవడం. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు, ఒకసారి చేసి చూశాను, అన్నమే ముందొచ్చింది.

ఒత్తిడి అంటే దగ్గు అనుకున్నాను. నేను దగ్గడంలో మొనగత్తెను. నా దగ్గుకు గోడ మీది గడియారం కదిలేది. గట్టిగా దగ్గితే కింద చీర కూడా తడిసేది. ఈ ముక్క రాయనంది టీచరమ్మ, రాయమన్నాను. తడిసింది నా చీరే కదా.

"గంత జోరుగ ఎందుకు? వాల్వు మూసుకుంటది," అన్నాడాయన. "దగ్గు కాదు చెల్లె, హా. అద్దం తుడిచే ముందు ఆవిరి పట్టిస్తం సూడు, గట్ల. నోరు గుండ్రంగ పెట్టు. హా... హా... ఆఖర్ల ఒక్కటే దగ్గు."

ముగ్గురం వాళ్ల ముందు గదిలో కూర్చుని హా, హా అంటుంటే, కిటికీలోంచి చూసిన పక్కింటావిడ మేము కొత్తరకం ప్రార్థన చేస్తున్నామనుకుందట. అన్న వాళ్లు చర్చికి పోయే మనుషులు.

వీపు తట్టడం మాత్రం నాకెవరూ నేర్పనవసరం లేదనుకున్నాను. పొద్దస్తమానం తట్టే చేతులు కదా. నా వీపు మీద వదినె తట్టాక, చూపించు అని దిండు ఇచ్చారు. చెయ్యి చాపి, వేళ్లు కలిపి, ఫటఫటా వాయించాను. దిండు గుండ్రంగా, పలచగా అయింది.

ఆయన దిండును తిప్పి చూశాడు. "దీన్ని పెనం మీద ఎయ్యి, పొంగుతది," అన్నాడు. "చెల్లె, వీపు జొన్నపిండి కాదు. చెయ్యి గట్ల సాపుగ పెడితే తోలు మండుతది గని లోపలిది కదలదు. దోసిట్ల నీళ్లు పట్టినట్టు పెట్టు. గాలి ఉండాలె లోపల. సప్పుడు సూడు, ఫట్ కాదు, డబ్."

నలభై ఏళ్లు రొట్టె కొట్టిన చేతిని వంచడం నాకు నెల రోజులు పట్టింది. ఈలోపు బండి దగ్గర చెయ్యి వంగి రొట్టెలు చెడిపోయాయి. ఒక డ్రైవరు రొట్టె పట్టుకుని, "అమ్మా, ఇందులో గుంత ఎందుకు?" అని హిందీలో అడిగాడు. పప్పు నిలవడానికి అని చెప్పాను.

ఆయన దగ్గర ఈల లాంటి వస్తువు ఒకటి ఉండేది. లోపల ఇనుప గోలీ. ఊదితే గోలీ గడగడలాడి ఛాతీ అంతా అదిరి, తెమడ కదులుతుంది. గోలీసోడా అనేవాడు దాన్ని. నేనోసారి ఊదుతానని చెయ్యి చాపాను.

"పండ్లు తోముకునే బ్రష్షు అడిగినట్టున్నది," అని వెనక్కి లాక్కున్నాడు. "ఎవరిది వాళ్లకే. డాక్టరును అడుగు, నీకు కావాల్నంటే రాస్తడు."

ఆ డబ్బా మాట చెప్పాలి. అది వాళ్ల పెళ్లినాటి సామానులోది. మా దగ్గర పెళ్లికి పెట్టే స్టీలు సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టించడం రివాజు. ఆ డబ్బా మీద ఆయన అత్తగారి పేరు ఉంది. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది.

"రోజుకు పదిసార్లు అత్తమ్మను తలుసుకుంట," అనేవాడు.

"తలుసుకునుడు సరే, అందుల ఏం ఏస్తున్నవో సూడు," అనేది వదినె.

"ఆమె నాకు పెట్టింది నేను ఆమెకు పెడుతున్న."

డబ్బాను అందరి ముందూ తీసేవాడు. బస్సులో, పెళ్లిలో, పింఛను ఆఫీసులో. దాచేవాడు కాదు, చూపించేవాడూ కాదు. కళ్లజోడు తుడుచుకున్నంత మామూలుగా పక్కకు తిరిగి, పని కానిచ్చి, మూత బిగించేవాడు. చర్చిలో మొగవాళ్ల బరువు గొంతు ఆయనది. పాట మధ్యలో ఆగి, తిరిగి, మూడు హా-లు అని, డబ్బా మూసి, సరిగ్గా పాట ఎక్కడుందో అక్కడే అందుకునేవాడట. ఒక్క మాట అటూ ఇటూ పోకుండా. ఇంటికి పోయాక వేడినీళ్లు, సబ్బు. ఆ పని వదినెను చేయనిచ్చేవాడు కాదు.

కడిగే ముందు డబ్బాను వెలుతురుకు పట్టి చూసేవాడు, ఫ్యాక్టరీలో శాంపిలు చూసినట్టు. తెల్లగా, నీళ్లలా ఉంటే "బ్యాచ్ పాస్." పచ్చగా, చిక్కగా మారితే "బ్యాచ్ ఫెయిల్, డాక్టరు తాన్కి నడువు." నాకు గట్టిగా చెప్పింది ఒక్కటే. "రక్తం చార కనిపిస్తే నాకు ఫోన్ చేసుడు కాదు, ఆటో ఎక్కాలె."

రోజూ పొద్దున ఫోను చేసేవాడు. హలో లేదు, బాగున్నవా లేదు.

"తీసినవా?"

"తీసిన అన్నా."

"కలరు?"

"తెలుపే."

అంతే, పెట్టేసేవాడు. ఒకరోజు టీచరమ్మ పక్కనుండి వింది. పత్తి వ్యాపారం ఏమైనా చేస్తున్నారా అని అడిగింది.

నిజానికి నేను తీసేది పొద్దున ఒక్కసారే, తలుపు వేసుకుని. పగలంతా మింగుడే. అదీ ఆయనకు తెలుసు. "బండి కాడ జెర పక్కకు పోయి తియ్యి చెల్లె. చేతులు కడుక్కో, మళ్ల రొట్టె చెయ్యి. ఎవడు వద్దంటడు?" అనేవాడు. సరే అనేదాన్ని. చేసేదాన్ని కాదు.

మూడేళ్ల కిందట మా తోడికోడలి బిడ్డ పెళ్లి జరిగింది. ముత్తంగి దగ్గర ఫంక్షను హాలు. పెళ్లి పందిట్లో దగ్గకూడదని నేను రెండు పనులు చేశాను. ఒకటి, ముందు రోజు నుంచే నీళ్లు మానేశాను. రెండు, మందుల షాపులో అడిగి, దగ్గు ఆపే సిరప్పు తెచ్చుకుని రెండు మూతలు తాగాను. డాక్టరును అడగలేదు. అద్భుతంగా పనిచేసింది. దగ్గు రాలేదు. లోపల మాత్రం గంజి కాగుతున్నట్టు బుడగలు. అయినా పట్టుచీర కట్టుకుని, ఆరోగ్యవంతురాలిలా ముందు వరుసలో తోడికోడలి పక్కన కూర్చున్నాను.

ఆయన పెళ్లికొడుకు తరఫున వచ్చాడని నాకు తెలియదు. పెళ్లికొడుకు తండ్రి కూడా ఆ ఫ్యాక్టరీ మనిషేనట. నన్ను చూసి సంబరంగా వరుసలన్నీ దాటుకుంటూ వచ్చాడు. చేతిలో డబ్బా. నా ముందు నిలబడి, ఒక్క క్షణం తల వంచి నా ఊపిరి విన్నాడు, పైపు విన్నట్టు.

"చెల్లె, రెండు దిక్కులా నిండింది గద. పొద్దటి నుంచి తీయలేదా?"

తోడికోడలు నా వైపు తిరిగింది. "ఎవరే ఈయన? ఏం తీయలేదంటున్నడు?"

నేను ఆయన మొహం చూడలేదు. డబ్బా చూశాను. నల్లా పక్కన కంచం చూశాను.

"ఎవరో," అన్నాను. "బండికి గ్యాసు సిలిండర్ తెస్తడు. ఖాళీది తీయలేదా అని అడుగుతున్నడు."

ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. తోడికోడలికి నమస్కారం పెట్టాడు. "అవునమ్మా," అన్నాడు. "ఖాళీ అయితే చెప్పుండ్రి, తీస్కపోత." వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. దూరంగా స్తంభం దగ్గర ఆగి, పక్కకు తిరిగి, మూత తీసి, పని కానిచ్చి, మూత బిగించడం నాకు కనబడింది. అందరి మధ్యా.

మూడో రోజుకు నాకు జ్వరం. నాలుగో రోజు ఆస్పత్రి మంచం. డాక్టరు సిరప్పు సీసా చూసి, "దగ్గు నీకు శత్రువు కాదమ్మా, చీపురు. చీపురును కట్టేసి ఇల్లెందుకు నిండిందంటే ఎట్లా?" అన్నాడు. నాకు చేతిలో సూది, ముక్కులో గొట్టం. నా తెలివికి బహుమానం.

ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు, వదినెతో కలిసి వచ్చాడు. పెళ్లి మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను, ఏడుస్తూ. "అన్నా, గా రోజు నేను..."

"నీళ్లు తాగినవా?"

"తాగిన. గా రోజు..."

"హా అను."

హా అన్నాను. రాలేదు. మళ్లీ అనిపించాడు. మూడోసారి వచ్చింది. అప్పుడు సంచిలోంచి కొత్త స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ఆయనదాని లాంటిదే, మర మూత. దాని మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టించి ఉన్నాయి. నాకు చదవడానికి వచ్చిన ముక్క ఒక్కటే. అదే ఉంది అక్కడ. నా పేరు.

"అన్నా! ఉమ్మే డబ్బా మీద నా పేరు కొట్టిస్తవా!" నా గొంతుకు పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు.

"మరి? రేపు ఇది ఎవరిదో అంటవేమోనని," అన్నాడు. అంతే. పెళ్లి మాట ఆయన నోట వచ్చింది అదొక్కసారే, అదీ పక్కదారిన.

నా పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది. నాకు చదవరాదు. పెళ్లి సామాను మీద కొట్టిస్తారు కదా, అలాంటిదే అనుకున్నాను. "చెల్లెకు అన్న ప్రేమతో" లాంటిదేదో. ఆయన్ను అడగడానికి మొహం చెల్లలేదు. ఇంకొకర్ని అడగాలంటే డబ్బా చూపించాలి. అందుకని రోజూ కడిగేటప్పుడు ఆ చిన్న అక్షరాల మీద వేలితో రాసి, కళ్లకద్దుకునేదాన్ని. ఉమ్మే డబ్బాను కళ్లకద్దుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కళ్లకద్దుకున్నాను గానీ బయటికి తీయలేదు. గదిలో అలమారలో, పేరు గోడ వైపుకు తిప్పి పెట్టేదాన్ని. బండి దగ్గర పిండి సంచీ వెనక, గుడ్డలో చుట్టి. ఎవరూ లేనప్పుడే తీసేదాన్ని. సర్వీసు రోడ్డు మీద ఎవరూ లేనిదెప్పుడు?

మొన్న చలికాలంలో ఆయనకు ఎక్కువైంది. ఇంట్లోనే ఆక్సిజను మిషను. అయినా పొద్దున ఫోను ఆగలేదు. మాటకూ మాటకూ మధ్య మిషను శబ్దం.

"తీసినవా?"

"తీసిన అన్నా. తెలుపే."

"నలుగుర్ల తీసినవా?"

మిషను నాలుగైదు సార్లు బుస్సుమంది.

"సరే," అన్నాడు. "తీస్తవ్ లే."

వారానికి ఆయన పోయాడు.

చర్చి పక్క హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల గురించి తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెబుతారు, పాటలు పాడతారు, తర్వాత భోజనాలు. నేను చీర కడుతుంటే తోడికోడలు వచ్చింది. "ఒక్కదానివి పోతవా, ఆయాసం నీకు. నేనూ వస్త," అంది. వద్దనలేకపోయాను. డబ్బా చేతిసంచి అడుగున పెట్టాను, పైన టవలు, టవలు పైన ఇంకో టవలు.

ఫ్యాక్టరీ మనుషులు ముగ్గురు మాట్లాడారు. పాట పాడారు. మొగవాళ్ల బరువు గొంతు ఉండాల్సిన చోట పాట కాస్త కుంటింది. అప్పుడు వదినె ముందు వరుసలోంచి లేచి, "మా ఆడబిడ్డ మాట్లాడుతది," అని నా వైపు చెయ్యి చూపింది. హాలంతా తిరిగింది. తోడికోడలు కూడా తిరిగింది, నేను ఎవరికి ఆడబిడ్డనో అర్థంకానట్టు.

మైకు దగ్గరికి పోయాను. నోరు తెరిచాను. గర్ర్‌మని బస్సు గేరు పడని చప్పుడు వచ్చింది. మింగి మళ్లీ తెరిచాను. మళ్లీ గర్ర్. ఇంకోసారి మింగబోయాను. అలవాటు కదా. ఎదురుగా బల్ల మీద ఆయన ఫోటో, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఫోటో పక్కనే తోమి పెట్టిన అత్తగారి డబ్బా. తీస్తవ్ లే అన్నాడు.

సంచిలో చెయ్యి పెట్టాను. టవలు తీశాను, ఇంకో టవలు తీశాను. డబ్బా పట్టుకున్నాను గానీ మూత తిప్పలేదు. వదినె దగ్గరికొచ్చింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, డబ్బా ఆమెకు చూపించి, "అన్న పేరు కొట్టిచ్చి ఇచ్చిండు వదినె," అన్నాను. "కింద ఇంకేదో రాయించిండు. నాకు సదువు రాదు. నువ్వు సదువు. అందరికీ ఇనపడాలె."

వదినె కళ్లజోడు సర్దుకుంది. డబ్బాను వెలుతురుకు పట్టింది, అచ్చం ఆయన పట్టినట్టే. పెదాలు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాను. మైకులోకి చదివింది.

"మూత గట్టిగ పెట్టు."

వెనక నుంచి ఎవరో ఫ్యాక్టరీ మనిషి, "అచ్చం ఆయనే!" అన్నాడు. అందరూ నవ్వారు. వదినె ఏడుస్తూ నవ్వింది. దాదాపు మూడేళ్లుగా కళ్లకద్దుకుంటున్నాను నేను. మూత గట్టిగ పెట్టు! నవ్వొచ్చింది. నవ్వు కడుపులోంచి వచ్చింది, నవ్వు వెంట దగ్గు, దగ్గు వెంట తెమడ. ఇంకా ఆలోచించే టైము లేదు. మూత తిప్పాను. పక్కకు తిరిగాను. హా. హా. హా. మైకును పక్కకు జరపాలని ఎవరికీ తోచలేదు. ఆ చప్పుడు హాలు నాలుగు మూలలకూ పోయింది.

తుడుచుకుని తిరిగాను. గొంతు తెరుచుకుంది. ఎన్నో చెప్పాలనుకున్నాను, ఒక్కటే చెప్పాను. "ఈయన నాకు ఎవరో కాదు. మా అన్న." వచ్చి కూర్చున్నాను.

భోజనాల దగ్గర తోడికోడలు ఏమీ అనలేదు. అదే నాకు భయం. తిరిగొచ్చేటప్పుడు షేరింగు ఆటోలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. సంచి నా ఒళ్లో ఉంది. రింగు రోడ్డు కింది నుంచి మలుపు తిరిగాక నోరు విప్పింది.

"గ్యాసు సిలిండర్ ఇచ్చేటాయనకు గింత మంది వచ్చిండ్రా?"

నేను సంచిని దగ్గరికి లాక్కున్నాను.

"పొద్దుగాల పొద్దుగాల గోడ అవతల హా, హా అని నువ్వు తీస్తుంటే నాకు ఇనపడదనుకున్నవా? మనిద్దరికీ ఉన్నది ఒక్కటే గోడ గద. దానికి సిమెంటు కూడ సక్కగ లేదు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"నీ అన్న నీకు నేర్పినప్పటి నుంచే. ఏదో యోగా అనుకున్న. తర్వాత నీ గదిల ఊడ్వనీకె వచ్చి డబ్బా సూసిన. నీ పేరున్నది దాని మీద. ఎవరిదని అడుగుత?"

ఇన్నేళ్లూ నేను పేరును గోడ వైపుకు తిప్పి పెట్టాను. ఆ గోడకు అవతలే ఈమె. నా కంచం ఒక్కరోజు కూడా వంటింట్లోంచి కదలలేదు. కదులుతుందని ఒక మనిషిని పెళ్లిలో ఎవరో అన్నాను. నా తెలివి ఏ బ్యాచ్‌లోదో ఆయనే చెప్పాలి.

ఆటో గుంతలో పడి ఎగిరింది. తోడికోడలు నా ఒళ్లోని సంచి వైపు అనుమానంగా చూసింది.

"మూత గట్టిగ పెట్టినవా?"

"పెట్టిన."

"మరి జెర అటు జరుగు, నాకు సోటు లేదు."

జరిగాను. జరిగి, సంచిలో చెయ్యి పెట్టి, టవళ్ల కింద మూతను ఒకసారి తిప్పి చూశాను. ఇంకో అరచుట్టు తిరిగింది.